తనిఖీ రోజున గైర్హాజరు

తోడు టీచరు వస్తోందని కబురు అందిన పూట చిన్నబడి టీచరు చేసిన మొదటి పని బీరువాకు తాళం వెయ్యడం. హాజరు పుస్తకాలు అందులో ఉన్నాయి. పంతొమ్మిదేళ్ళుగా పైనుంచి ఆ గదిలోకి వచ్చిన ప్రతి మనిషీ ఏదో ఒకటి వెతకడానికే వచ్చారు. సాయం చేస్తామని వచ్చినవాళ్ళు మరీ ఎక్కువ వెతికారు.

చిన్నబడి అంటే ఒక గది, ముందు వరండా, వెనక వంటగది. మూడేళ్ళు నిండినవాళ్ళ నుంచి ఆరేళ్ళు నిండబోయేవాళ్ళ దాకా ముప్పై ఆరు మంది పిల్లలు. ఒక టీచరు, ఒక ఆయా. ఆయా వండాలి, కడగాలి, తుడవాలి, ఏడ్చేవాళ్ళను ఎత్తుకోవాలి. టీచరు పాఠం చెప్పాలి. ఆ పాఠం చెప్పే వేళలోనే పిల్లల బరువులు తూచాలి, టీకాల జాబితా రాయాలి, ఆఫీసు అడిగిన వివరాల కోసం ఇంటింటికీ తిరగాలి. ఇంతా చేశాక, మీ పిల్లలు పెద్దబడికి సిద్ధంగా లేరేమిటని నిలదీస్తారు. ఎలా ఉంటారు సిద్ధంగా? ఏడాదికి రెండుసార్లు టీచర్లందరినీ హాల్లో కూచోబెట్టి, గోడమీద బొమ్మలు చూపించి, టీ ఇచ్చి, సంతకాలు పెట్టించుకుని పంపేస్తారు. దాన్నే శిక్షణ అంటారు. ఆ గోడమీది బొమ్మల్లో ఎప్పుడూ పన్నెండు మంది పిల్లలే ఉంటారు. ఒక్కరి ముక్కు కూడా కారదు.

ఈసారి ఆఫీసుకు కొత్త ఆలోచన పుట్టింది. పని విరమించిన పాత టీచర్లను ఏరి, ఆరేసి వారాలు ఒక్కో చిన్నబడిలో ఉండి సాయం చెయ్యమంది. వాళ్ళకు తోడు టీచర్లని పేరు పెట్టింది.

ఈ బడికి వచ్చినావిడకు అరవై దాటాయి. ముప్పై ఏళ్ళు ఇలాంటి గదిలోనే చాకిరీ చేసి దిగిపోయిన మనిషి. వస్తూనే చెప్పులు విప్పి గది మధ్యకు వెళ్ళింది.

"కుర్చీ వేయిస్తాను మేడం."

"వద్దమ్మా, కింద కూచుంటాను. లేచేటప్పుడు మాత్రం ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. నా మోకాళ్ళు నా మాట వినడం మానేసి చాన్నాళ్ళయింది."

వంటగదిలో ఆయా గొంతు తగ్గించింది. "చూశారా టీచరమ్మా. కింద కూచుందంటే కిందనుంచే తవ్వుకొస్తుంది."

"నువ్వు నోరు మూసుకుని బఠానీల సంగతి చూడు."

"నా నోరు ఒకటేగా, మూస్తాను. ఆ ముప్పై ఆరు నోళ్ళు మూయించడం మీ వంతు."

మొదటి వారం తోడు టీచరు ఏమీ రాయలేదు. సంచిలో పుస్తకం లేదు, కలం లేదు. అది టీచరును ఇంకా భయపెట్టింది. ఆవిడ ముక్కులు తుడిచింది, చిరిగిన బొమ్మల పుస్తకాలకు జిగురు రాసి అతికించింది, ఒకరి తల ఒళ్ళో పెట్టుకుని ఇంకొకరి కథ వింది. పిల్లలు రెండో రోజుకే ఆవిడను అమ్మమ్మను చేసేశారు. సాయంత్రాలు వెళ్ళబోయే ముందు టీచరును ఒకే మాట అడిగేది.

"మీకేం కావాలమ్మా?"

"ఏం అక్కర్లేదండీ. అన్నీ ఉన్నాయి."

"నేనూ ముప్పై ఏళ్ళు అదే మాట అన్నాను," అనేది ఆవిడ. చెప్పులేసుకుని వెళ్ళిపోయేది.

రెండో వారం మొదట్లో ఆవిడే ఒక ఉపాయం చెప్పింది. "సగం మందిని నేను వరండాలోకి తీసుకుపోతాను. మిగతా పద్దెనిమిది మందితో మీరు గదిలో ఉండండి. ఏమీ చెప్పకండి. ఊరికే కూచుని చూడండి."

"చూస్తూ కూచుంటే పాఠం అవుతుందా?"

"చూడకపోతే ఎవరికి చెబుతున్నామో మనకెలా తెలుస్తుంది?"

టీచరు కూచుంది. పంతొమ్మిదేళ్ళలో పని గంటల్లో ఉత్త చేతులతో కూచోవడం ఆమెకు అదే మొదలు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాసేపటికి పిల్లలు ఆమెను మరిచిపోయి ఆటలో పడ్డారు.

వాళ్ళు ఆడుతున్నది తనిఖీ ఆట.

రెండు జడల పిల్ల పలకను చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. అది సూపర్‌వైజర్ మేడం. ఇంకో పిల్ల టీచరు. టీచరైన పిల్ల చప్పట్లు కొట్టి, "మేడం వస్తోంది, చేతులు కట్టుకోండి, నువ్వు ముందుకు రా, నువ్వు వెనక్కి పో," అంటూ అందరినీ సర్దింది. ఆ గొంతూ ఆ విసుగూ అచ్చం తనవే. టీచరుకు నవ్వొచ్చింది.

గోడ పక్కన ఒక పాప ఒంటరిగా చెక్కముక్కలు పేర్చుకుంటోంది. ఇంకో రెండు నెలల్లో దానికి ఆరేళ్ళు నిండుతాయి. ఏం అడిగినా బెల్లం కొట్టిన రాయిలా నిలబడుతుందని ఆయా దానికి బెల్లంరాయి అని పేరు పెట్టింది. ఆ పేరే నిలిచిపోయింది. టీచరైన పిల్ల దాని వెనక్కి వెళ్ళి భుజం మీద రెండుసార్లు తట్టింది. వేలితో వంటగది చూపించింది. బెల్లంరాయి చేతిలో ముక్కను కింద పెట్టింది. ఎందుకని అడగలేదు. లేచి వెళ్ళి వంటగది గుమ్మం లోపల ఆయా పక్కన కూచుంది. ఆయా తలెత్తలేదు. చెయ్యి మాత్రం దానంతటదే కదిలి బఠానీల గిన్నెను పాప ముందుకు జరిపింది.

టీచరు నవ్వు అక్కడే ఆగిపోయింది.

తనిఖీకి వచ్చిన మనిషి పిల్లల్ని వరసగా లేపి పది ప్రశ్నలు అడుగుతుంది. బడి మొత్తానికి సగటు కడుతుంది. సగటు పడిపోతే బడి పేరు పక్కన ఎర్రగీత. రెండు ఎర్రగీతలు పడితే ఈ బడిని మూసి, నలభై మంది కిక్కిరిసిన పక్క వీధి బడిలో కలిపేస్తారు. రాని పిల్లల్ని మాత్రం సగటులో కలపరు. అంచేత సమాధానం చెప్పలేని పిల్ల ఆ రోజు రాలేదు, అంతే. ప్రతి చిన్నబడీ ఎరిగిన చిట్కా ఇది. పక్క వీధి టీచరు ఈమెకు నేర్పింది, ఆవిడకు ఇంకెవరో నేర్పారు. ఎవరూ దాన్ని మోసం అనుకోలేదు. ఈదురుగాలికి కిటికీ మూసినంత మామూలుగా, తనిఖీ అనగానే బెల్లంరాయిని వంటగదిలోకి పంపి, హాజరు పుస్తకంలో గైర్హాజరు వేసేవాళ్ళు.

టీచరు లేచి ఆట మధ్యలోకి వెళ్ళింది.

"ఎందుకే దాన్ని అలా తట్టావు? నోటితో పిలవొచ్చుగా."

పిల్ల బిక్కమొహం వేసింది. రెండు జడలది జవాబు చెప్పింది. "పిలిస్తే దానికి వినపడదు టీచర్. తట్టాలి."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. అందరికీ తెలుసు." పిల్ల ఆమెను ఎగాదిగా చూసింది. "మీకు తెలీదా?"

టీచరు వంటగదిలోకి వెళ్ళి బోర్లించిన స్టీలు పళ్ళెం ఒకటి తీసుకుంది. బెల్లంరాయి వెనక నిలబడి దాన్ని నేల మీదికి వదిలేసింది. ఆయా ఉలిక్కిపడింది. గదిలో పదిహేడు తలలు ఇటు తిరిగాయి. బఠానీలు ఒలిచే పాప తల తిరగలేదు. ఆయా ఎటో చూస్తోందని గమనించి, అప్పుడు తిరిగింది. టీచరును చూసి నవ్వింది.

పిల్లలు ఇళ్ళకు వెళ్ళాక టీచరు బీరువా తాళం తీసింది. రెండేళ్ళ హాజరు పుస్తకాలు తోడు టీచరు ముందు పెట్టింది. తనే వేలుపెట్టి చూపించింది. రెండేళ్ళలో పదకొండు తనిఖీలు. పదకొండు రోజులూ ఆ పాప పేరుకు ఎదురుగా గైర్హాజరు, తన చేతిరాతలోనే. అందులో రెండు రోజులు సూపర్‌వైజర్ వెంట వైద్యుల బండి కూడా వచ్చింది. కళ్ళు చూశారు, పళ్ళు చూశారు, చెవులు చూశారు. రెండుసార్లూ పాప ఇరవై అడుగుల దూరంలో బఠానీలు ఒలుస్తూ ఉంది.

"దీనికి బుర్ర తక్కువనుకున్నాను," అంది టీచరు. "పెంకిదనుకున్నాను. చెవులని ఒక్కసారి కూడా అనుకోలేదు."

తోడు టీచరు పేజీలు వెనక్కి తిప్పి మళ్ళీ మొదటినుంచి చూసింది.

"మీరు ఆఫీసుకు రాస్తారా?"

"రాయను. రాయాల్సిన పని నాకు వద్దని చెప్పే వచ్చాను." ఆవిడ పుస్తకం మూసింది. "నేను ముగ్గుర్ని దాచానమ్మా నా రోజుల్లో. అందులో ఒకడు ఇప్పుడు లారీలు కడుగుతాడు. ఎదురుపడితే ఎంతో ఆప్యాయంగా పలకరిస్తాడు. ఆ పలకరింపు నన్ను ఎక్కడ పొడుస్తుందో నాకే తెలుసు. వాడికి చదువెందుకు పట్టుబడలేదో నాకు ఈనాటికీ తెలీదు. దాచేసినప్పుడు ఇక అడగడానికి ఏం మిగిలింది?"

"నిజం చెబితే ఉద్యోగం పోతుందక్కా." అక్కా అని పిలవడం అదే మొదటిసారి. అన్న సంగతి ఆమెకే తెలియలేదు.

"పోవచ్చు. పోదని నేను అబద్ధం చెప్పను. కానీ వచ్చే గురువారం పెద్దబడికి ఎవరు సిద్ధమో తేల్చే పరీక్ష ఉంది. దానికీ రాలేదని రాశారంటే, సిద్ధం కాదని దానంతటదే పడిపోతుంది. సిద్ధం కానివాళ్ళకు పెద్దబడిలో వెనక గది ఉంది కదా. అందులోంచి ముందు గదిలోకి వచ్చిన పిల్లను మీరు ఒక్కర్నైనా చూశారా?"

టీచరు ఆలోచించింది. "లేదు."

"నేనూ చూళ్ళేదు."

ఆ సాయంత్రమే టీచరు పాప ఇంటికి వెళ్ళింది. ఒకే గది, అందులో మూడు కుట్టు మిషన్లు. తల్లీ, పిన్నీ, అమ్మమ్మా పొద్దస్తమానం కుడుతూనే ఉంటారు. ఆ మోతలో మనుషులు ఒకరినొకరు పిలవరు, చెయ్యి పట్టుకుని లాగి మొహంలో మొహం పెట్టి అరుస్తారు. ఆ ఇంట్లో ఎవరికీ ఎవరి మాటా వినపడదు. పాప ఒక్కదానికే వినపడటం లేదని ఎవరికి తడుతుంది?

తల్లి మిషను ఆపలేదు. టీచరు చెప్పడం మొదలుపెట్టిన కాసేపటికి ఆపింది. తర్వాత మిగతా రెండు మిషన్లూ ఆగాయి.

"అంటే నా బిడ్డ బడికి రోజూ వచ్చింది."

"వచ్చింది."

"చెవుల డాక్టర్లు వచ్చిన రోజున కూడా వచ్చింది."

"వచ్చింది. నేను రాలేదని రాశాను."

"తల దువ్వి, ఉతికిన గౌను వేసి పంపాను ఆ రోజు. డాక్టర్లొస్తున్నారని ఆయా చెప్పింది నాకు. సాయంత్రం అడిగితే అంతా బావుందన్నారు మీరు." తల్లి చేతిలో గుడ్డ అలాగే ఉంది. "బావుందన్నావు నువ్వు."

టీచరు తలుపు దగ్గరే నిలబడింది. కూచోమని ఎవరూ అనలేదు.

"ఇదంతా ఆఫీసులో చెబుతావా? కాగితం మీద రాస్తావా, నా ముందు ఒప్పుకుని పోతావా?"

"రాస్తాను."

"రాశాక రా. అప్పటిదాకా నా గుమ్మం తొక్కకు."

మిగిలిన రోజులు ఎనిమిది. తోడు టీచరు రోజూ సగం మందిని వరండాలోకి తీసుకుపోయింది. కొత్త పాఠమేమీ చెప్పలేదు టీచరు. కిటికీ వెలుగు తన మొహం మీద పడేలా కూచుని, పాప చూసేదాకా ఆగి, అప్పుడు మాట్లాడింది. మొదటి రోజు ఆమె మాట పూర్తయ్యేలోపే పాప కళ్ళు పక్కకు పోయాయి. మూడో రోజుకు నిలిచాయి. అంకెలు చెప్పబోతే ఆయా వంటగదిలోంచి అడ్డం వచ్చింది.

"అవి దానికొచ్చు టీచరమ్మా. బఠానీలు పదేసి కుప్పలు పెడుతుంది. యాభై దాకా లెక్కేస్తుంది."

"ఎవరు నేర్పారు?"

"నేనే, ఊసుపోక. ఎదురుగా కూచోబెట్టుకుని చెప్పేదాన్ని." ఆయా గరిటె వైపు చూసుకుంది. "నాకేం తెలుసు అది మీకు కావాలని. మీరెప్పుడూ అడగలేదు."

గురువారం వచ్చింది. తోడు టీచరు ముప్పై ఐదు మందినీ వరండాలో కూచోబెట్టుకుంది. పెద్దబడికి వెళ్ళాల్సినవాళ్ళను ఒక్కొక్కరినే లోపలికి పంపుతోంది. చివరికి పాప వంతు వచ్చింది. సూపర్‌వైజర్ మేడం కాగితాల్లోంచి తల ఎత్తకుండానే పేరు చూసింది.

"ఈ అమ్మాయి ఎప్పుడూ రాదుగా?"

"రోజూ వస్తుంది మేడం. మీరొచ్చిన రోజుల్లో రాలేదని నేనే రాశాను. పదకొండుసార్లు. ఇదిగో, రాసి సంతకం పెట్టాను." టీచరు కాగితం బల్లమీద పెట్టింది. "పాపకు చెవులు వినపడవు."

సూపర్‌వైజర్ కాగితం చదివింది. మళ్ళీ చదివింది. కలానికి మూత పెట్టింది.

"ఇది నాకెందుకు ఇస్తున్నారు? నా కింద పదిహేడు బళ్ళున్నాయి. ఇది నా చేతికొచ్చాక నేను పైకి పంపాలి. పంపితే మీ ఒక్కరితో ఆగదు. పదిహేడు పుస్తకాలూ తియ్యాలి."

"తియ్యండి."

"మీకు తేలిక ఆ మాట."

"తేలిక కాదు మేడం. పరీక్ష మొదలుపెట్టండి."

సూపర్‌వైజర్ ప్రశ్న చదివింది, కాగితం చూస్తూనే. పాప ఆమె నెత్తి మీది పాపిట వైపు చూస్తూ నిలబడింది.

"సున్నా వెయ్యనా?"

"తలెత్తి అడగండి. మీ మొహం చూస్తే చెబుతుంది."

"అలా అడగాలని నిబంధనల్లో లేదు."

"తలెత్తకూడదని ఉందా?"

సూపర్‌వైజర్ టీచరు వైపు చూసింది. పంతొమ్మిదేళ్ళుగా తలొంచుకుని అవునండీ అన్న మనిషి ఈమేనా అన్నట్టు చూసింది. తర్వాత కళ్ళద్దాలు సర్దుకుని, కాగితం పక్కన పెట్టి, పాప మొహంలోకి చూసి అడిగింది. పాప చెప్పింది. రంగులు చెప్పింది. చిన్నదీ పెద్దదీ చూపించింది. లెక్క అడిగితే ఇరవై దాటినా ఆపలేదు, సూపర్‌వైజరే చాలంది. గొంతు మొద్దుగా ఉంది, మాటల చివర్లు అరిగిపోయి ఉన్నాయి, అయినా అర్థమవుతున్నాయి.

ఆఖర్న పాట పాడమంది. రోజూ పొద్దున బడిలో అందరూ కలిసి పాడే పాటే. పాప చేతులు పైకెత్తింది, తిప్పింది, చప్పట్లు కొట్టింది. పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు. రెండేళ్ళుగా ఆ పాటను అది కళ్ళతోనే చూసింది. పాటంటే అంతేననుకుంది. అయిపోయాక చేతులు కట్టుకుని, బాగా పాడాను కదా అన్నట్టు టీచరు వైపు తిరిగింది.

టీచరు కిటికీలోంచి బయటికి చూసింది.

పదికి ఏడు. ఏడు వస్తే సిద్ధం కింద లెక్క. సూపర్‌వైజర్ ఆ మాట రాసి, సంతకం పెట్టి, టీచరు ఇచ్చిన కాగితాన్ని వేరే సంచిలో పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "మీరు మాట్లాడకుండా ఉంటే నేను రాత్రికి హాయిగా నిద్రపోయేదాన్ని," అంది. కోపంగా అనలేదు.

నాలుగు రోజులకు ఉత్తరం వచ్చింది. సంజాయిషీ ఇచ్చుకునేదాకా టీచరు బడిలో అడుగుపెట్టకూడదు. ఏళ్ళ తరబడి ఒక్క మనిషిని సాయం పంపని ఆఫీసు, తప్పు దొరికాక నాలుగు రోజుల్లో ఉత్తరం పంపింది. ఆ విషయంలో వాళ్ళకు ఎప్పుడూ సిబ్బంది కొరత ఉండదు. తోడు టీచరూ ఆయా కలిసి గది నడిపారు.

టీచరు ఖాళీగా ఉంది కాబట్టి ఆసుపత్రికి వెంట వెళ్ళింది. తల్లి రమ్మనలేదు, వద్దనలేదు. డాక్టరు పాపను అద్దాల గదిలో కూచోబెట్టి చాలాసేపు పరీక్షించాడు. రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక చాలాకాలంగా నీరు చేరి ఉంది. ఎడమది మందులతో, చిన్న కోతతో చాలావరకు వస్తుంది. కుడిది లోపల దెబ్బతింది. దానికి వినికిడి మిషను పెట్టాలి.

"రెండేళ్ళ కిందట తెచ్చుంటే?" తల్లి అడిగింది.

"అప్పుడైతే కుడిది కూడా దక్కేదేమోనమ్మా. కచ్చితంగా చెప్పలేను."

నడవాలోకి వచ్చాక తల్లి బెంచీ మీద కూచుంది. పాప ఆమె ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది.

"నువ్వు ఒప్పుకున్నావని నేను మెచ్చుకోవాలా?" అంది తల్లి. "మెచ్చుకోను. మొన్న నీ ఉద్యోగం ఊడితే బావుండుననుకున్నాను. ఇవాళ అలా అనుకోవట్లేదు. అంతకన్నా మంచి మాట నా దగ్గర లేదు."

"అడగట్లేదమ్మా."

"పెద్దబడిలో చేర్చే రోజున రా. అక్కడ నేను చెబితే మిషను కుట్టేది ఏదో వాగుతోందంటారు. నువ్వు చెప్పాలి. ఏమైందో, ఎవరు దాచారో, మొత్తం."

"చెబుతాను."

చెప్పింది కూడా. పెద్దబడి మొదటి తరగతి గదిలో, ఇరవై మంది తల్లిదండ్రుల ముందు నిలబడి చెప్పింది. నెమ్మదిగా చెప్పండి, అందరూ వింటున్నారని అక్కడి టీచరు ఇబ్బంది పడుతుంటే, విననివ్వండని మొదట్నుంచి మళ్ళీ చెప్పింది. ఆ కొత్త టీచరు పాతికేళ్ళ పిల్ల. ఆమె గదిలో యాభై మూడు మంది. తల ఊపింది, ముందు వరసలో కుడివైపు గోడ పక్కన చోటు చూపించింది. అక్కడైతే పాప ఎడమ చెవి గదివైపు ఉంటుంది.

తల్లి పాపను కూచోబెట్టలేదు. ముందు తనే ఆ చిన్న బల్లలో మోకాళ్ళు ముడుచుకుని ఇరుక్కుని కూచుంది. రెండు చెవుల్లోనూ వేళ్ళు దూర్చుకుంది.

"ఏదైనా పాఠం చెప్పండి," అంది.

కొత్త టీచరు చిన్నగా నవ్వి, అలవాటు చొప్పున నల్లబల్ల వైపు తిరిగి రాస్తూ ఏదో చెప్పింది.

"మీ మొహం కనపడలేదు," అంది తల్లి. "మళ్ళీ చెప్పండి."